ఎవరూ పట్టుకోని తప్పు

మైరమ్‌కాన్ ఇరవై రెండేళ్లు కొండల్లోని నరీన్ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో తీగలు కలిపింది. అది మూతపడ్డాక రాజధాని బిష్కెక్ వచ్చి, కొడుకు ఈడు వాళ్ల మధ్య కూర్చుని, వాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పనిలో కుదిరింది.

ఆ ఆఫీసువాళ్లు, వేసవంతా కొండమీద మందలు మేపుకునేవాళ్ల కోసం ఒక వెబ్‌సైటు చేశారు. ఒంట్లో బాగాలేకపోతే ఫోన్లో నాలుగు ముక్కలు రాసి మీట నొక్కితే, కింద ఊళ్లో డాక్టరుకు కబురు అందాలి. రెండు వేసవులు గడిచినా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆమెకు అదే మనసులో ముల్లయింది.

"ఇన్ని గుడారాల నుంచి ఒక్క తిట్టయినా రాలేదంటే ఎలా నమ్మేది, ఎర్మెక్?"

"తిట్టడం లేదని బెంగపడే మనిషిని మిమ్మల్నే చూశా, ఎజే" అని నవ్వాడు ఆ ప్రోగ్రాము రాసిన ఎర్మెక్. అక్కడ అక్కను ఎజే అంటారు. "తెర మీద తప్పు చూపే ఎర్రగీత ఒక్కటీ లేదు. హాయిగా ఉండండి."

ఆమె ఊరుకునే రకమా? సెలవు పెట్టి కొండమీద తమ్ముడి గుడారానికి వెళ్లింది. అక్కడ సిగ్నల్ శిఖరం మీదే. మరదలు గుర్రమెక్కి పైకి పోయి, మొగుడి మోకాలి నొప్పి గురించి రాసి మీట నొక్కింది. 'మీ కబురు చేరింది' అని కనబడగానే గుర్రాన్ని తిప్పేసింది. ఇరవై అడుగులు దిగేసరికి సిగ్నల్ పోయింది. పక్కనే ఉన్న మైరమ్‌కాన్ కిందికి దిగాక డాక్టరును అడిగితే, అలాంటి కబురే రాలేదన్నాడు.

తిరిగొచ్చి ఎర్మెక్‌ను నిలదీసింది. "అవతల జవాబు రాకముందే చేరిందని చెప్పేస్తున్నావు. దారిలో తెగిపోతే, ఆ తప్పును పట్టుకోవడానికి ఎవర్ని పెట్టావయ్యా?"

ఎర్మెక్ మొహం పాలిపోయింది. "ఎవర్నీ పెట్టలేదు, ఎజే."

జవాబు వచ్చాకే 'చేరింది' అనేలా మార్చారు. ఎవరూ పట్టుకోని తప్పులన్నీ వచ్చి పడే చోటు ఒకటి పెట్టారు. అందని కబుర్లు ఆ ఫోన్లలోనే పడి ఉన్నాయి కాబట్టి, సిగ్నల్ దొరకగానే అవి మళ్లీ బయల్దేరే ఏర్పాటూ చేశారు.

మంగళవారం పొద్దున, గుర్రాలు శిఖరాలెక్కే వేళకు, కబుర్లు మొదలయ్యాయి. చేతికి గొడ్డలి తగిలింది. పాప పాలు తాగడం లేదు. ఒకటి, పది, తొంభై మూడు. మైరమ్‌కాన్ లేచి నిలబడిపోయింది. రెండేళ్లుగా కొండంతా మాట్లాడుతూనే ఉంది, తమకే వినపడలేదు.

అందులో ఒకటి నిన్నటిది. సిదిక్ అనే ముసలాయనకు ఊపిరి అందడం లేదు. ఆమె వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది, బండి కదిలింది. సాయంత్రానికి ఆయన్ని ఆసుపత్రికి దించారు. గండం గడిచింది.

మర్నాడు ఆమె ఆయనతో మాట్లాడింది. అక్కడ తండ్రిలాంటి వాళ్లను అతా అంటారు. "అతా, పోయినేడు మీ ఇంటావిడ కోసం కూడా కబురు పెట్టారు. మేం రాకపోతే మళ్లీ ఎందుకు అడగలేదు?"

"చేరిందని రాసుంది కదా, తల్లీ" అన్నాడు సిదిక్. "విని కూడా రాలేదంటే, మాకంటే పెద్ద ఆపదలో ఎవరో ఉన్నారనుకున్నాం. పోయేముందు మా ఆవిడే వద్దంది, రెండోసారి అడిగి వాళ్లను సిగ్గుపెట్టొద్దని."