అరంగుళం వదిలిన కత్తి

యాభై ఎనిమిదో ఏట టైలరమ్మ మనసు కత్తి మీద పడింది. కూరలు తరిగే కత్తి కాదు, ఒరలోంచి దూసే కత్తి. విన్నవాళ్ళందరూ అడిగింది ఒకటే: ఎందుకు? ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు. అదేదో నేరమైనట్టు చూశారు జనం. అదే ఓ బంగారు గొలుసు కావాలని అంటే ఒక్కరైనా ఎందుకని అడిగేవారా, మీరే చెప్పండి.

సంగతి మొదలైంది ఫోటో స్టూడియోలో. కుట్టిన కర్టెన్లు తగిలించడానికి వెళ్ళిందావిడ. ఫోటోగ్రాఫరు టీ తాగడానికి కిందికి దిగాడు. పిల్లల ఫోటోలకి వాడే టోపీలూ గొడుగులూ కుక్కిన మూలలో ఓ కత్తి కనిపించింది. అటూ ఇటూ చూసి చేతిలోకి తీసుకుంది. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను మీద వంగి వంగి గూనిపడ్డ వెన్ను, ఎవరో చరిచినట్టు నిటారుగా లేచింది. అద్దంలో చూసుకుంది. బాగుంది! అంతలోనే ఉసూరుమంది. కత్తి రేకుది, కాగితమంత తేలిక. ఈ వయసులో రేకుముక్కకి మురిసిపోవడమేమిటి, అసలుదే చేయించుకుంటానని మెట్లు దిగేలోపే తీర్మానించేసింది.

ఆవిడ భర్త నీళ్ళ పంపుహౌసులో పనిచేసి రిటైరైన మనిషి. వాల్వు తిప్పితే నీళ్ళు రావాలి, ఏ పని చేసినా దానికో ప్రయోజనం ఉండాలి, అదీ ఆయన లెక్క.

"కత్తితో ఏం చేస్తావే?"

"ఉంచుకుంటాను."

"ఉంచుకుని?"

"చూసుకుంటానండీ."

"చూసుకోవడానికి నేను లేనూ?"

"మిమ్మల్ని చూసి చూసే కదా ఈ ఆలోచన వచ్చింది."

పక్క వాటాలో ఉండే ఆడపడుచు గోడ మీదుగా తల పెట్టింది. "యుద్ధం ఎవరి మీద వదినా? నా మీదైతే ముందే చెప్పు, పెట్టె సర్దుకుంటాను."

అందరితో పాటు టైలరమ్మా నవ్వింది గానీ లోపల చివుక్కుమంది. ఇన్నేళ్ళలో తనకంటూ ఏది కొనుక్కున్నా ఏదో ఒక సాకు ఉండేది. కొత్త మిషనంటే గిరాకీ కోసం. కళ్ళజోడంటే సూదిలో దారం ఎక్కించడం కోసం. ఒక్క వస్తువు, ఒకే ఒక్కటి, ఎవరికీ ఏ ఉపయోగమూ లేకుండా తనకి కావాలి. అది దక్కకపోతే ఇక ఈ జన్మకి దక్కదని ఆవిడకి తెలుసు. అందుకే అంత పట్టుదల.

రైలుగేటు పక్కన పారలూ గునపాలూ చేసే కమ్మరి కొలిమి ఉంది. టైలరమ్మ వెళ్ళి, విషయం చెప్పేసి, ఎందుకన్న ప్రశ్న కోసం మొహం గట్టిగా పెట్టుకుని నిలబడింది. పెద్దాయన పట్టకారు కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"ఎంత పొడుగు, చెల్లెమ్మా?" అన్నాడు.

అంతే. ఆ పూటకి ఆ ఇంటి ఆడపడుచైపోయింది టైలరమ్మ. సంచీలోంచి డబ్బు దాచుకునే బొత్తాల డబ్బా తీసి మూత తెరిచింది. "నా దగ్గరున్నది ఇంతే అన్నయ్యా."

ఆయన డబ్బాలోకి తొంగిచూశాడు. "దీనికి ఇత్తడి పిడి రాదు, చెక్క పిడే. నగిషీలు రావు. కొత్త ఇనుమూ రాదు. పాత లారీ కమాను పట్టీ ఉంది, కొత్తదాని తాతలాంటిది. పదును మాత్రం పెట్టను, డబ్బు ఎక్కువిచ్చినా సరే."

"పదునెందుకు? కత్తెరలున్నాయిగా నాకు."

"అయితే కాగితం మీద గీసి, కోసి పట్రా. అచ్చు అలాగే దించుతాను."

మూడు రోజులు మిషను పక్కనపెట్టి ఖాకీ కాగితం మీద గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. సన్నగా, కాస్త వంపుతో, చివర కోసుగా వచ్చింది. చేయి తిరిగిన పనిమంతురాలు కదా, కత్తెర పట్టి చకచకా కోసి ఇచ్చేసింది.

పది రోజులకి కబురొచ్చింది. పరుగున వెళ్ళింది. కమ్మరి గోనెపట్టా తొలగించాడు. అది కత్తి కాదు, పడవ తెడ్డు.

"నేనిచ్చింది ఇది కాదన్నయ్యా!"

ఆయనకి చర్రుమంది. కాగితం తెచ్చి ఇనుము మీద పరిచాడు. అంచుకి అంచు సరిపోయింది. "వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పు, నీ డబ్బు నీకిచ్చేస్తాను."

తేడా లేదు. తేడా అంతా కాగితంలోనే ఉంది. ఆవిడ గీసిన గీత లోపల సన్నగా కనిపిస్తోంది. కోసింది మాత్రం దానికి అరంగుళం బయటికి, రెండు పక్కలా. నలభై ఏళ్ళుగా ప్రతి చొక్కాకీ ప్రతి గౌనుకీ కుట్టు కోసం వదిలినట్టే, చేయి తనంతట తనే కత్తికీ వదిలేసింది.

"మరి కింద ఈ రెండంగుళాలు దేనికి?" అన్నాడు కమ్మరి, సంగతి విని.

"మడతకి." ఆవిడ ఇనుము అంచు మీద వేలు రాసింది. "పిల్లలు ఎదిగితే విప్పుకుంటారని."

"కత్తి ఎదుగుతుందా చెల్లెమ్మా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆయన నవ్వాడు. తర్వాత ఆవిడ. ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ పట్టుకుని కళ్ళనీళ్ళు కారేలా నవ్వి, ఆ నీళ్ళు తుడుచుకుంటుంటే అవి నవ్వువి కావని తెలిసింది. ఇంకో పట్టీకి డబ్బు లేదు. ఇంట్లో చెబితే ఏడాదంతా ఇదే కథ చెప్పుకుని నవ్వుతారు.

"పోనీ, పార చేసెయ్ అన్నయ్యా. పనికైనా వస్తుంది."

"నువ్వడిగింది పార కాదు," అన్నాడాయన మొండిగా. "ఎక్కువైన ముక్కల్ని వేడి మీద ఉలితో తీసేస్తాను. మిగతాది ఆకురాయితో అరగదీయాలి. దానికి మాత్రం కూలి సరిపోదు."

"నేనరగదీస్తాను."

రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి కొలిమికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇనుప రజను ముక్కుల్లోకి పోయేది. చేతులు బొబ్బలెక్కాయి. ఓ పెద్దమనిషి చొక్కా ట్రయలుకి అక్కడికే వచ్చి, కొలిమి ముందు చేతులు చాపి నిలబడ్డాడు. ఐదో రోజున భర్త వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలోంచి ఆవిడ పని చూసి ఇక ఆగలేకపోయాడు.

"ఆకురాయిని అలా వెనక్కి ఈడుస్తారా ఎవరైనా? ముందుకే తొయ్యాలి. ఇటివ్వు."

"చెప్పండి చాలు. చెయ్యకండి."

పాపం, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. మర్నాడు పిలవకుండానే వచ్చి, పట్టీ కదలకుండా రెండో కొస పట్టుకున్నాడు. పన్నెండో రోజుకి గీత మీదికి వచ్చింది కత్తి. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి తీశాడు. తర్వాత ఓ దారప్పోగు పట్టుకుని, "చెయ్యి పిడికిలి పట్టు చెల్లెమ్మా," అన్నాడు. అరచేతి వెడల్పూ వేళ్ళ పొడవూ ఓపిగ్గా కొలిచి ముళ్ళు వేసుకున్నాడు. ఊళ్ళో సగం మంది కొలతలు ఆవిడకి కంఠతా వచ్చు. తనకి ఒకరు కొలత తీయడం మాత్రం ఇదే మొదలు. తన బట్టలు పాతవాటిని చూసి అందాజుగా కోసుకునేది. కళ్ళు చెమర్చినా ఆనందంగానే ఉంది.

చెక్క పిడి బిగించి కత్తి చేతికిచ్చాడు. బరువుంది, చక్కటి బరువు. రోడ్డు మీదికి వచ్చాక భర్త ఆగాడు.

"ఏదీ, ఒకసారివ్వు."

ఇచ్చింది. ఎలా పట్టుకున్నా ఆయన చిటికెనవేలు పిడి దాటి బయటికి వచ్చేసింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"చిన్నదైపోయిందే."

"మీకు చిన్నది. నాకు సరిపోయింది."

ఆయన పిడి వైపు చూశాడు, భార్య చేయి వైపు చూశాడు. కత్తిని రెండు చేతుల మీదా పెట్టి తిరిగిచ్చాడు. ఆవిడ అందుకుని, నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ చూస్తుండగానే వెన్ను నిలిపి, గాల్లో ఒక్క విసురు విసిరింది. సుయ్యిమంది.

"ఇంకోసారి," అన్నాడాయన.