రత్నప్ప జోరుగా తోలలేదు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాటుగా ఆడింది కాదు. మందిరంలో అందరి ముందు నిలబడి, చేతులెత్తి, దేవుని నామంలో చెప్పింది. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని స్తోత్రం చెప్పారు. చాటున చేసిన తప్పును చాటున దేవునికి చెప్పుకుని లేవొచ్చునేమో. ఇది అలా లేవనివ్వదు. మీరెవరో నాకు తెలియదు. నన్నెరిగినవాళ్లకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు కాబట్టి ముందు మీకు చెబుతున్నాను.

మాది బళ్లారి. బళ్లకు రంగు వేయడం నా పని. మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది. సంఘ పెద్దను అందరం పెద్దాయన అనే పిలుస్తాం. ఆయన తండ్రి తోలిన పాత అంబాసిడర్ ఒకటి టార్పాలిన్ కింద తుప్పు పడుతూ ఉండేది. దాన్ని మళ్లీ నడిపించి సంఘం పనికి వాడాలని ఆయన ఆశ. ఇంజిను వేరేవాళ్లు చూశారు. బాడీ, రంగు, చక్రాలు నావి. తోలే పని జీవరత్నానిది.

జీవరత్నాన్ని మేం రత్నప్ప అంటాం. సండే స్కూలు నుంచి ఒకే బెంచీ మాది. వాక్యం చదివేటప్పుడు ఒకే పుస్తకంలోకి ఇద్దరం తొంగి చూసేవాళ్లం. పాటలో నా గొంతు పైకి వెళితే అతను కింది స్వరంలోనే ఉండి నన్ను మోసేవాడు. ఆరాధన అయ్యాక ఉగ్గాని, బజ్జీ తింటూ నడిచి ఇంటికి పోయేవాళ్లం. బజ్జీని కాగితంలో నొక్కి నూనె తీసి నా చేతికి ఇచ్చేవాడు. నా కడుపు మంట సంగతి మా ఇంట్లోవాళ్ల కంటే అతనికే ఎక్కువ గుర్తు.

ఆ కారుకు అందమంతా చక్రాల మీది వీల్ కప్పులు. వంగి చూస్తే మొహం కనబడేటట్టు మెరుగు పెట్టించాను. కప్పు నిలవడానికి చక్రం మీద మూడు బుడిపెలు ఉంటాయి. కప్పు అంచును రెండు బుడిపెలకు తగిలించి, మూడో దాని మీద రబ్బరు సుత్తితో తడితే టక్కుమని బిగుసుకోవాలి. ఆ శబ్దం రాలేదంటే కప్పు పట్టుకోలేదని అర్థం. కొత్తగా రంగు వేసిన చక్రానికి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. బుడిపెల మీద రంగు మందంగా ఉంటే అంచు లోపలికి దిగదు, రంగు మీదే కూర్చుంటుంది. మా బళ్లారి ఎండకు ఆ రంగు మెత్తబడి, కప్పు కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. అందుకని బుడిపెల మీద రంగు ఇనుము కనబడేదాకా గీకెయ్యాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

గీకలేదు. రంగు అద్దంలా వచ్చింది. నా చేతులతో వేసిన దాని మీద నేనే గీత పెట్టలేకపోయాను. కప్పులు పైపైన తగిలించి, ప్రార్థనకు ముందు ఒకసారి సరిచేద్దాంలే అనుకున్నాను. ముందు కుడి చక్రానికి ఆ టక్కుమనే శబ్దం రాలేదు. అది కూడా విన్నాను. రాకపోవడాన్ని విన్నాను.

ఈలోపు ప్రతిష్ఠ ప్రార్థన అనుకున్న రోజు కంటే ముందుకు జరిగింది. మాలో కొత్త బండి వస్తే పాస్టర్ గారు నూనె పోసి ప్రార్థన చేస్తారు, సంఘమంతా బండి మీద చేతులు పెడుతుంది. ఆ రోజూ పెట్టారు. నూనె బానెట్ మీద నుంచి చక్రాల దాకా కారింది. ఆమేన్ అన్నాక నేను రంగు గీకే రేకు, సుత్తి పట్టుకుని చక్రం దగ్గర కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఇంతమంది ప్రార్థించినా వీడికి నమ్మకం లేదనుకోరా? సుత్తి డిక్కీలోనే ఉండిపోయింది. అది విశ్వాసమా, గర్వమా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. విశ్వాసమైతే అవతలివాళ్ల కళ్ల గురించి ఎందుకు ఆలోచిస్తుంది?

ఆ తర్వాత హగరి ఏట్లో బాప్తిస్మాలు. అందరూ టెంపోలో ముందే వెళ్లారు. భోజనం గిన్నెలు కారు వెనక సీట్లో పెట్టుకుని మేమిద్దరం వెనక బయల్దేరాం. దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక పక్క వడ్లు తొక్కకూడదు, ఇంకో పక్క సాంబారు ఒలకకూడదు. రత్నప్ప బండిని నడకలా తోలుతున్నాడు. అలా పోతుండగా తల పక్కకు వంచి విన్నాడు.

"ముందు చక్రం కాడ ఏందో గలగలా అంటాందప్పా. కప్పు సరిగ్గా కూర్సోబెట్టినావా లేదా?"

"సాంబారు గిన్నె మూతప్పా అది. నీకు ఆకలైతాంది, అందుకే అదే వినిపిస్తాంది."

"మూత కాదు. నిలపనా? ఒకసారి సూసి పోదాం."

"నూనె పోసి ప్రార్థన చేసినాంక గూడా అనుమానమేందప్పా నీకు? ప్రార్థన మీద నమ్మకం లేనోడు స్టీరింగు యాల పట్టుకోవల్ల? మాట్లాడకుండా సుమ్మనే తోలు."

అతను నవ్వాడు. "ఆయితప్పా ఆయితు, సరేలే, పెద్ద పాస్టరయినావు గదా," అన్నాడు. తోలాడు.

నేను ఏమీ అనకపోయి ఉంటే అతను ఆపేవాడు. నేను నమ్మకం మాట అడ్డం పెట్టాను. దానికి ఎదురు చెప్పలేడని తెలిసే పెట్టాను.

కొంచెం దూరం పోయాక వడ్ల కుప్పను తప్పించడానికి బండి రోడ్డు అంచు దిగింది. చక్రం ఒక గుంతలో పడి లేచింది. కప్పు ఊడింది. తళుక్కుమని ఎండలో వాలు వెంట జోరుగా దొర్లుకుంటూ పోయి, వరి నాటుకు పోతున్న ఒకామె కాలికి తగిలింది. దాని పదునైన అంచుకు మోకాలి కింద చీరుకుపోయింది. ఆమె కూలబడింది. రత్నప్ప పరుగెత్తుకుంటూ వెళ్లి తన తువ్వాలు చించి కట్టు కట్టాడు. గిన్నెలు రోడ్డు పక్క దించేసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎముక విరగలేదు. కుట్లు పడ్డాయి. కొన్నాళ్లకు ఆమె నడిచింది. కానీ నాట్ల కాలమంతా ఇంట్లోనే ఉండిపోయింది.

పెద్దాయన ఆసుపత్రికి వచ్చి, ఎట్లా జరిగిందని అడిగాడు. రత్నప్ప నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు కాదు, నువ్వే చెబుతావులే అన్నట్టు. "కొంచెం జోరుగా పోతాంటిమయ్యా, గుంత కనపల్లేదు," అన్నాను. నోట్లోంచి అది ఎంత సులువుగా వచ్చిందో!

అక్కడ ఆగి ఉంటే అది ఒక పిరికివాడి మాటగా మిగిలేది. ఆదివారం సాక్ష్యాల సమయంలో నేనే లేచాను. బండి వేగంగా పోతుంటే కప్పు ఎగిరిందని, జానెడు పైకి తగిలి ఉంటే ఆ అక్క ప్రాణం పోయేదని, ప్రభువు తన చెయ్యి అడ్డం పెట్టాడని చెప్పాను. చెబుతుంటే నా గొంతు వణికింది. ఆ వణుకు విని అందరూ ఏడ్చారు. నా పాపాన్ని సాక్ష్యంగా మార్చి దేవుని చేతిలో పెట్టాను. నమ్మేవాడు తప్ప ఇంకెవడు చేయగలడు ఈ పని? దేవుని పేరు తెలియనివాడికి ఇంత మంచి దాపు ఎక్కడ దొరుకుతుంది?

రత్నప్ప మా బెంచీలోనే నా పక్కన కూర్చుని విన్నాడు. ఆరాధన అయ్యాక పెద్దాయన కొన్ని దినాలు బండి ముట్టొద్దన్నాడు. అతను తాళంచెవి ఇచ్చేసి గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు.

"నేను జోరుగా తోలినానాప్పా?" అని అడిగాడు. అంతే.

"అంతా మేలుకే లేప్పా," అన్నాను.

ఆ ఆదివారం ఇంటికి ఒక్కణ్ణే నడిచాను. అతను మళ్లీ మందిరానికి రాలేదు. కారులో తను అడిగిన మాట కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే అతని మీద కోపం తెచ్చుకుని బతికేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఆధారం కూడా లేదు.

ఇప్పుడు భార్య వాళ్ల ఊరు సిరిగేరిలో ఉంటున్నాడు. అక్కడ ట్రాక్టరు తోలుతున్నాడట. ఏ సంఘానికీ పోవడం లేదట. ఒకసారి బస్సెక్కి వెళ్లాను. కాలువ గట్టు మీద నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. జుట్టు తెల్లబడింది. ఆ నవ్వు మాత్రం అదే. నన్ను చూసి ఆ నవ్వు ఆగిపోతే నేను తట్టుకోలేననిపించి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. ఒక ఆత్మను మందిరం గడప దాటించి పంపేశాను. దానికి రేపు ఏమి లెక్క చెప్పాలో తెలుసు. కానీ నిజం చెబుతున్నాను, నన్ను ఎక్కువ బాధించేది ఆ తీర్పు కాదు. పాటలో నేను పైకి వెళ్లినప్పుడు కింద ఎవరూ ఉండరు. అది.

ఇప్పుడు కారు బయటికి తీసేముందు నాలుగు కప్పులూ నేనే చూస్తాను. బుడిపెలు గీకి ఉంచాను. అంచులు లోపలికి కొట్టాను. ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూస్తాను. "నీ చెయ్యి పడితే కప్పు ఊడదప్పా," అంటారు కుర్రవాళ్లు. తల ఊపుతాను.

మాలో ప్రభు బల్ల రొట్టె తీసుకునే ముందు, ఎవరితోనైనా మనస్పర్ధ ఉంటే లేచి వెళ్లి సమాధానపడాలి. నేను ప్రతిసారీ లేస్తాను. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుంటాను. రొట్టె తీసుకుంటాను.

ఇది రాసినందుకు నాకు క్షమాపణ దొరకలేదు. అడగవలసినవాణ్ణి నేనింకా అడగలేదు. ఇన్నేళ్లూ ప్రార్థనలో సంఘంలో అందరి పేర్లూ చెప్పి, అతని పేరు దగ్గరికి వచ్చేసరికి 'మిగిలినవారందరినీ' అని దాటేసేవాణ్ణి. ఇప్పుడు కలం పక్కన పెట్టి పైకి పలికాను. జీవరత్నం. నా సొంత గొంతుతో ఆ పేరు వినపడింది. ఇంకోసారి పలికాను.