నాన్న బీపీ, అమ్మ మొక్కు

మా పక్క బీపీ అంటే రెండర్థాలు. ఒకటి జబ్బు, రెండోది కోపం. మా నాన్నకి రెండూ దండిగా ఉన్నయ్. మిరప కల్లంలో తాలుకాయ కనబడితే బీపీ, కూరలో ఉప్పు తగ్గితే బీపీ, పంచాయితీలో ఎదుటోడు గొంతు పెంచితే ఇంటికొచ్చి మా మీద బీపీ. పడీపడీ విసిగిపోయిన అమ్మ కోటప్పకొండ సామికి మొక్కుకుంది: "ఈయనకి బీపీ లేకుండా చెయ్యి సామీ, మెట్లెక్కి వచ్చి కొబ్బరికాయలు కొడతా."

అట్టాంటి నాన్న పేగుకి చిల్లుపడి, ఆపరేషనయ్యి, నరసరావుపేటలో ఒక ఆసుపత్రి ఐసీయూలో పడున్నాడు. విషం రక్తంలోకి పాకింది, ఈ రోజు గడిస్తే చాలన్నాడు డాక్టరు.

మామూలుగా అయితే జబ్బకి పట్టీ చుట్టి, బుస్సుబుస్సుమని గాలి కొట్టి, బీపీ చూసి పోతారు. ఇక్కడ అట్టా కాదు. నాన్న మధ్యవేలికి ఉంగరంలాగా చిన్న పట్టీ తొడిగారు. సూదీ లేదు, గుచ్చటమూ లేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద బీపీ అంకె మారుద్ది. ఎవడు కనిపెట్టాడో గానీ నా ప్రాణం తోడేశాడు! లోపలుంటే ఆ అంకె చూడలేను, బయటికి పోతే ఏమవుద్దోనని ఉండలేను. కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతుంటే నర్సమ్మ కసిరింది.

"అక్కా, ఒకచోట కూసోండి!"

"మీ నాన్నయితే కూసుంటావా?" అన్నాను. నాకొచ్చింది నాన్న నోరే మరి.

మధ్యాహ్నం ఆ అంకె దిగటం మొదలుపెట్టింది. వంద, తొంభై, ఎనభై... ఇంకా దిగుతానే ఉంది. నర్సమ్మ తలుపు తీసి కేకేసింది.

"సార్, బీపీ లేదు! తొందరగా రండి!"

తలుపవతల నిలబడ్డ అమ్మ ఆ మాట విని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "బీపీ లేదంటనే! సామి నా మొర ఆలకించాడే!" అని గుమ్మంలోకొచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. నేను నోరు తెరిచేలోపే నకరికల్లులో ఉన్న మా మామయ్యకి ఫోన్ కలిపేసింది. "తమ్ముడూ, మీ బావకి బీపీ పోయిందిరా. కొబ్బరికాయలు తీసుకుని రా, కొండకి పోదాం."

ఫోన్ లాక్కున్నాను.

"ఆపవే అమ్మా! బీపీ లేదంటే నయమైందని కాదు. రక్తానికి జోరు లేదని. నాన్న మన చెయ్యి దాటిపోతున్నాడని!"

కొంచెం మెత్తగా చెప్పుండాల్సింది. ఆ గడియలో మెత్తదనం ఎక్కణ్ణుంచి తెచ్చేది?

డాక్టరు పరుగున వచ్చి మా ఇద్దర్నీ బయటికి పంపేశాడు. మందేదో పెంచుతున్నారు. అద్దంలోంచి తెర కనబడుతుంది.

"ఆ అంకె ఏం కావాలే?" అంది అమ్మ.

"పెరగాలి."

అమ్మ కొండ ఏ వైపుందో వెతుక్కుని అటు తిరిగి కొంగు పట్టింది. కొట్లో కొన్న చీర తిరిగిచ్చేసినట్టే మాట్లాడింది. "సామీ, తప్పయిపోయింది. ఆ మొక్కు నాకొద్దు. ఆయన బీపీ ఆయనకిచ్చెయ్. ఎన్నాళ్లైనా నేను పడతా."

నాకు ఏడుపు ఆగలేదు. ఎండ వాలిందాకా ఇద్దరం ఆ అద్దం దగ్గర నుంచి కదల్లేదు. అంకె ముక్కుతా మూలుగుతా తొంభైకి ఎక్కింది, ఆనక వంద దాటింది. డాక్టరు బయటికొచ్చి, గండం గడిచినట్టే, ఒక్కసారి చూసి రండి అన్నాడు.

అమ్మ మంచం పక్కన నిలబడి ముక్కు చీదింది. నాన్న కళ్లు తెరిచాడు. గొంతు ఎండిపోయి మాట పీలగా వచ్చింది గానీ, ఆ కసురు మాత్రం పాతదే.

"ఏందే ఆ ఏడుపు? నేనేమన్నా చచ్చానా?"

తెర మీద అంకె ఎగిరింది. అమ్మ దాన్నే చూస్తా కళ్లు తుడుచుకుంది.

"తిట్టయ్యా," అంది. "ఇంకో రెండు తిట్టు."