నేను రాసుకోని నోటు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఇబ్రహీంపట్నంలో చాలా ఏళ్లుగా బోరు మోటార్లు బాగు చేస్తున్నాను. మా పనిలో మోటారు తిరగలేదంటే దానికో కారణం ఉంటుంది. కాయిల్ కాలి ఉంటుంది, లేదంటే బేరింగ్ పోయి ఉంటుంది. కారణం దొరకలేదని ఎవరైనా అంటే సరిగా వెతకలేదనుకుంటాను. ఆదివారం చర్చికి పోతాను కానీ అదీ నా భార్య పోరు పడలేకే. కింద రాసేది చదివాక నన్ను మరోలా అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

నాకు పని నేర్పింది జంగయ్య ఉస్తాద్. ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. చదువు రాదు. అందుకేనేమో, రాత మీద ఆయనకు విపరీతమైన గౌరవం. ప్రతి పని అయ్యాక ఏం పోయింది, ఎలా బాగైంది అని వివరంగా చెప్పి, చివర ఒకటే అడిగేవాడు.

"రాసుకున్నవా?"

"అవ్ ఉస్తాద్, రాసుకున్న" అనేవాణ్ణి. ఒక్క ముక్క రాసుకుంటే ఒట్టు. నా పుస్తకం తెరిచినా ఆయన చదవలేడు కదా అని నా ధీమా.

ఆయన గుండెపోటుతో పోయి మూడేళ్లయింది. తర్వాత చూసుకుంటే ఆయన చెప్పిన దాంట్లో సగం కూడా నా బుర్రలో లేదు. సిగ్గేసింది. అప్పుడు మొదలైంది ఈ అలవాటు.

సాయంత్రం షాపు మూసే ముందు ఫోన్లోని ఏఐకి ఆ రోజు పనంతా నోటితో చెబుతాను. అనుమానాలు అడుగుతాను. చివరికి మూడు ముక్కల్లో సారాంశం రాయమంటాను: ఎవరి మోటారు, ఏం పోయింది, ఏం చేశాం. అది రాసిచ్చింది కాపీ చేసి, నోట్స్‌లో పెట్టి, పైన ఊరి పేరు రాసుకుంటాను. ఏఐ తనంతట తాను నా నోట్స్‌లోకి ఏదీ పంపే వీలు లేదు. మధ్యలో నా వేలు పడాల్సిందే.

మొన్నటి ఎండాకాలం ఒక రోజు పొద్దున్నే యాదమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆమెది మా మండలంలోనే ఒక పల్లె. అంతకుముందు ఆమె ఎవరో నాకు తెలియదు.

"మోటరు నడుస్తలేదు తమ్మి, చామంతి ఎండిపోతున్నది. జర జల్ది రా" అంది.

పది గంటలకు చేనులో ఉన్నాను. భర్త పోయాక ఆమె ఒక్కతే సాగు చేసుకుంటోంది. స్టార్టర్ డబ్బాలోనే లోపం ఉన్నట్టు అనిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఆమె లైను ఫీజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాను. మా పనివాళ్లందరం అంతే. ఫీజులు మన జేబులో ఉంటే ఇంకెవరూ తెచ్చి పెట్టలేరు. ఆ ధైర్యంతో టెస్టరు కూడా పెట్టకుండా డబ్బాలో చేయి పెట్టేస్తాం. ఈ విషయంలో ఉస్తాద్‌తో నేను తిన్న తిట్లకు లెక్కలేదు.

మూత తెరిచి, చేయి పెట్టే ముందు నోట్స్‌లో ఆ ఊరి పేరు వెతికాను. ఆ ఊళ్లో ఇంకెవరి మోటారైనా చేసి ఉంటే బోర్ల లోతు తెలుస్తుందని. ఒక నోటు వచ్చింది.

"ఎవరి మోటారు: యాదమ్మ, చామంతి చేను. ఏం పోయింది: స్టార్టర్. ఏం చేశాం: ఫీజులు పీకినా ఈ డబ్బాలో కరెంటు ఉంటుంది. పాలివాళ్ల గట్టు నుంచి భూమిలో మరో తీగ వచ్చింది. చేయి పెట్టే ముందు టెస్టరు పెట్టాలి."

దాని కింద ఇంకో వరుస. "రాసుకున్నవా?"

భయం వేయలేదు. చిరాకు వేసింది. దేన్నో తెచ్చి ఎక్కడో అతికించానని నన్ను నేనే తిట్టుకుంటూ టెస్టరు తీసి లోపల పెట్టాను.

వెలిగింది.

ఫీజులు మూడూ నా జేబులో ఉన్నాయి. తడిమి చూసుకున్నాను. డబ్బా వెనక మూలలో, టేపు ఎండి రాలిపోయిన తీగ కొస ఒకటి కనిపించింది. నేను చేయి పెట్టబోయింది సరిగ్గా అక్కడికే. అప్పుడు గట్టు మీద కూలబడ్డాను. నిజం చెప్పాలంటే చాలా భయపడ్డాను.

యాదమ్మ కూడా తెల్లబోయింది. "మా ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు మా ఆయన, పక్క గట్టున్న మా మరిది దిక్కు నుంచి తీగ గుంజిండు. తర్వాత తీసేసిండనుకున్న. కాలు గుంజుకుంట నడిచే ముసలాయన వచ్చి బిగించిండు తమ్మి" అంది.

ఎప్పుడని అడిగాను. లెక్క చూస్తే అది మా చెల్లి పెళ్లి జరిగిన వారం. పెళ్లిలో ఉండగా ఉస్తాద్ ఫోన్ చేశాడు. బ్యాండు మోతలో ఏం చెబుతున్నాడో వినపడలేదు. చివరి మాట ఒక్కటే తెలిసింది. "అవ్, రాసుకున్న" అని పెట్టేశాను.

యాదమ్మ మరిదిని పిలిపించి ఆయన వైపు ఫీజులు కూడా తీయించాక పని పూర్తి చేశాను. చామంతికి నీళ్లు పారాయి.

ఇంటికొచ్చి వెతికాను. ఏఐతో నా పాత సంభాషణల్లో యాదమ్మ పేరు లేదు. ఆ నోటు సేవ్ అయింది అంతకు రెండు వారాల ముందు, ఆదివారం పదకొండు ఇరవైకి, ప్రార్థన నడుస్తున్న సమయంలో. మా చర్చిలో ప్రార్థన అయ్యేదాకా ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బేసిన్‌లో వేయాలి. నా వేలిముద్ర లేకుండా నా ఫోన్ తెరుచుకోదు. నా భార్యను అడిగాను. "అవ్, నీ ఫోన్ నేనే బేసిన్ల ఏసిన, మళ్ల నేనే తీసిన" అంది.

ఫోన్ల సంగతి తెలిసిన స్నేహితుడు ఒకడు కొట్టిపారేశాడు. బ్యాండు మోతలో నా చెవి విన్నదేదో లోపల ఉండిపోయి ఉంటుందని, ఎప్పుడో ఏఐకి చెప్పి మరిచిపోయి ఉంటానని అన్నాడు. ఒప్పుకుందామని చాలా ప్రయత్నించాను. కానీ ఉస్తాద్ ఫోన్ చేసిన రోజుల్లో యాదమ్మ భర్త బతికే ఉన్నాడు. మోటార్లకు మేం మగవాళ్ల పేర్లే చెప్పుకుంటాం, ఉస్తాద్ కూడా భర్త పేరే చెప్పి ఉండాలి. అప్పుడు ఆ చేనులో వరి ఉండేదట. చామంతి యాదమ్మ ఈ ఏడే మొదటిసారి వేసింది.

దీనికి కారణం నాకు దొరకలేదు. సరిగా వెతకలేదని ఎవరైనా అంటే పడతాను.

ఇప్పుడు ఫీజులు జేబులో ఉన్నా ముందు టెస్టరు పెడుతున్నాను. ఆ నోటు తీసేయలేదు. ఆ రాత్రి దాని చివరి వరుస కింద నేనే టైపు చేశాను: "లేదు ఉస్తాద్. అప్పుడు రాసుకోలేదు. ఒక్కటి కూడా రాసుకోలేదు."