డేకి పది మాటలు

మా అమ్మాయికి రెండో తరగతిలో రైమింగ్ వర్డ్స్ అని హోంవర్కు ఇచ్చేవాళ్ళు. ఒక ఇంగ్లీషు మాట ఇస్తే, చివర అదే చప్పుడొచ్చే మాటలు పది రాసుకెళ్ళాలి. మా కొల్లేటి లంకలో బడి కూడా ఇంగ్లీషు మీడియమై కూర్చుంది. నేనేమో తెలుగు మీడియంలో పది పాసై, పెళ్ళయ్యాక పుస్తకాలన్నీ అటకెక్కించినదాన్ని. అయినా హోంవర్కు చేయించాల్సింది నేనే. అందుకని నాదొక పద్ధతి పెట్టుకున్నాను. నాకు తెలిసిన మాట చెబితే రైటు, తెలియని మాట చెబితే తప్పు. "అదేం మాటే, నీ తలకాయ మాట, సరిగ్గా ఏడువ్" అని కసిరేదాన్ని. మర్నాడు టీచరమ్మ అదే మాటకి టిక్కు పెట్టి పంపేది. చూడనట్టు పుస్తకం మూసేసేదాన్ని. నోరు మాత్రం మూసేదాన్ని కాదు.

ఆ శనివారం 'డే' ఇచ్చి ఉన్నారు. పైన కురిసిన వానలకి కొల్లేరు నిండిపోయింది. మా ఊరికొచ్చే రోడ్డు మీద నడుముదాకా నీళ్ళు. మా ఆయన చేపల మేతకి తవుడు తేవడానికని తాడేపల్లిగూడెం మిల్లులకి వెళ్ళి అటే చిక్కుపడిపోయారు. ఇంట్లో మా అత్తగారు, నేను, పిల్ల.

పిల్ల వసారాలో కూర్చుని రాసుకుంటోంది. చేతిలో రబ్బరు జారి తవుడు బస్తాల వెనక పడింది. చెయ్యి పెట్టి తీసి, "అమ్మా, ఏదో కుట్టింది" అంది. వేలి మీద సన్నగా రెండు చుక్కలు. వాపు లేదు. నెత్తురు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. బస్తాల సందులోంచి తోక ఒక్కటే జారిపోవడం మా అత్తగారు చూశారు. అప్పటికి పొద్దున్న తొమ్మిదయింది.

తప్పు చేసింది ఇక్కడే. కొల్లేట్లో బతికేవాళ్ళకి నీళ్ళపామంటే లెక్క లేదు. వలలో పడితే దులిపి పారేస్తాం. కరిస్తే పసుపు రాసుకుని పని చూసుకుంటాం. వరదొస్తే గట్ల మీది పాములు కూడా పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళల్లో దూరతాయని మాకు తెలియక కాదు. తెలిసి కూడా ఆ తోక నీళ్ళపాముదే అనుకున్నాం. అలా అనుకోవడమే మాకు కావాలి కనక.

"నీళ్ళపామేనమ్మా, కంగారుపడకు. వేపాకు నమిలించు. చేదు తెలిస్తే విషం లేనట్టే" అన్నారు మా అత్తగారు. నమిలించాను. పిల్ల మొహం వికారంగా పెట్టి థూ అని ఉమ్మేసింది. "చూశావా, చేదు తెలిసింది" అన్నారావిడ. హమ్మయ్య అనుకున్నాను. అయినా ఊరికే కూర్చుంటే భయమేస్తోందని పిల్లని హోంవర్కుకి కూర్చోబెట్టాను.

"ప్లే, సే, మే, వే" అని గబగబా చెప్పేసింది. తర్వాత "గ్రే" అంది. నాకు తెలియదు. "తప్పు" అన్నాను.

"కాదమ్మా, గ్రే అంటే రంగు."

"నోరుముయ్యి, రంగు లేదు రాయి లేదు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

అలా మూడు నాలుగు సార్లు చెప్పించాను. నాలుగోసారి 'ప్లే' అనడానికి దానికి నాలుక తిరగలేదు. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది మాట. రెప్పలు వాలిపోతున్నాయి. "నిద్దరొస్తోందమ్మా" అంది. రాత్రంతా హాయిగా పడుకుని లేచిన పిల్లకి పొద్దున్న పది గంటలకి నిద్రేమిటి?

"అత్తయ్యా, ఇది నీళ్ళపాము కాదండీ."

"చేదు తెలిసింది కదమ్మా."

"చేదు సంగతి నాకు తెలీదండీ. పిల్ల మాట మారిపోయింది."

అంబులెన్సుకి ఫోన్ చేస్తే, నీళ్ళలో ఊళ్ళోకి రాలేం, మెయిన్ రోడ్డు దగ్గర ఉంటాం, తీసుకురండి అన్నారు. పిల్లని కదలనివ్వకుండా పడుకోబెట్టమన్నారు, మాటా ఊపిరీ గమనిస్తూ ఉండమన్నారు. పక్కింట్లో ఉండే మా మరిది వచ్చి పడవ తీశాడు. గుర్రపుడెక్క చుట్టుకుని ఇంజను ఎక్కడ ఆగిపోతుందోనని గెడకర్రే పట్టుకున్నాడు. నేను పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎటు చూసినా నీళ్ళు. రోడ్డు ఎంత దూరమో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండుననిపించింది.

మాట గమనించమన్నారు సరే, ఏం మాట్లాడించను? నాకు తోచింది ఒక్కటే.

"డేకి చెప్పు తల్లీ."

"సే."

"రైటు."

"పే."

"రైటు. ఇంకా?"

"టే" అంది. కాసేపాగి "ఫే" అంది.

అవి ఇంగ్లీషు మాటలో, విషం పలికిస్తున్న మాటలో నాకు తెలియలేదు. పిల్లకి మతి ఉందో పోతోందో తెలుసుకోవడానికి నా చేతిలో ఉన్నది ఆ మాటలొక్కటే, అవేమో నాకు రావు. ఇంగ్లీషు నేర్చుకోలేదని జన్మలో ఎప్పుడూ అంత ఏడవలేదు. "అబ్బాయ్, ఫే అని మాటుందా?" అని మరిదిని అడిగాను.

"నాకేం తెలుసు వదినా, నేను ఐదుతో ఆపేశాను కదా" అని వాడు గెడ ఇంకా గట్టిగా వేశాడు.

మామూలు రోజైతే కసిరేదాన్నే. ఇప్పుడు తప్పంటే అలిగి మాట్లాడటం మానేస్తుందేమోనని భయం. మానేస్తే అది అలకో, ఇంకేమిటో ఎలా తెలుస్తుంది? అందుకని ఏది చెప్పినా రైటన్నాను. "రైటమ్మా, బంగారు తల్లివి" అన్నాను. వాలిపోతున్న రెప్పలు ఎత్తి నా మొహంలోకి చూసింది. "బ్లే" అంది. "రైటు" అన్నాను. అలాగే చూస్తూ ఇంకేదో అంది. సగం వినపడలేదు. దానికీ రైటన్నాను.

రోడ్డు కనిపించేసరికి మాట ఆగిపోయింది. ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి విన్నాను. ఉంది. మళ్ళీ విన్నాను. "పెద్దింట్లమ్మ తల్లీ, నా నోరు పడిపోనీ, దీని నోరు ఉంచు" అని మొక్కుకున్నాను. ఆ క్షణంలో నిజంగా పడిపోయినా బాధపడేదాన్ని కాదు.

ఏలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. "ఎన్నింటికి కరిచిందండీ? మాట ఎప్పుడు మారింది?" అని అడిగింది. మాట మారింది పదింటికి, 'ప్లే' అనలేకపోయింది అని ఠక్కున చెప్పాను. కరిచింది తొమ్మిదింటికని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అయినా చెప్పాను.

"ఇంతసేపూ ఏం చేశారండీ?"

"వేపాకు నమిలించామండీ."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "కట్లపాములా ఉంది, దాని కాటుకి వాపూ నొప్పీ పెద్దగా ఉండవు" అని పిల్లని లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఇంజక్షన్లు ఇచ్చారు. ఊపిరి అందడం లేదని గొంతులో గొట్టం వేశారు. సాయంత్రానికి మా ఆయన రైలు పట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంతసేపూ ఏం చేశావని అడుగుతారేమోనన్న భయంతో నేను తల ఎత్తలేదు. రెండు రోజులు లోపలి తలుపు తీసిన ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని.

మూడోరోజు గొట్టం తీసేశారు. గండం గడిచిందన్నారు. ఎక్కువ మాట్లాడించకండి అని నర్సు చెప్పి వెళ్ళింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పలకరించడానికి కూడా భయమే. మాట సరిగ్గా రాకపోతే?

తనే పలికింది. గొంతు బొంగురుపోయింది గానీ మాట తేటగా ఉంది.

"అమ్మా, పడవలో నేను తప్పులు చెప్పాను."

"పోనీలేమ్మా."

"టే లేదు, ఫే లేదు. బ్లే కూడా లేదు. కావాలనే చెప్పాను."

"ఎందుకమ్మా?"

"నువ్వు తిడతావేమోనని చూశాను. గ్రేకి తిట్టావు కదా. పడవలో ఏం చెప్పినా రైటన్నావు." గుటక మింగింది. మింగుతుంటే నొప్పికి కళ్ళు మూసుకుంది. "అప్పుడు భయమేసింది. నేను చచ్చిపోతానని నీకు తెలిసిపోయిందనుకున్నాను."

నాకేం తెలియలేదే, నాకసలు ఆ మాటలే రావే అని చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు.