నూకరత్నం నల్లేరు పచ్చడి

హైదరాబాదు కాప్రాలో జాకెట్లు కుట్టే నూకరత్నానికి యాభై నాలుగేళ్లు. నెలసరి ఆగి మూడేళ్లయింది. నడుం నొప్పని వెళితే, ఎముకలు పలచబడుతున్నాయనీ, షుగరు కూడా గుమ్మం దాకా వచ్చిందనీ డాక్టరు హిమజ చెప్పింది. మాత్రలు రాసింది. సోయా, అవిసెలు, ఆకుకూరలు తినమంది. జారిపడి తుంటి విరిగిందంటే మిషను తొక్కడం అంతటితో సరి అని భయపెట్టింది కూడా.

పక్కింటి సుకన్య ఇంకో మాట చెప్పింది. "అక్కా, నల్లేరు తిను. బొక్కలు గట్టిపడ్తయ్. మా అమ్మకు సుత గదే పెట్టినం."

నూకరత్నం పట్టు పట్టిందంటే వదిలే మనిషి కాదు. చేతులకు నూనె రాసుకుని, అయినా దురద పెడుతుంటే గోక్కుంటూ, నల్లేరు కాడలకు నార తీసి నువ్వులతో పచ్చడి నూరేది. అవిసెల పొడి కొట్టేది. సోయా వడలు వేసేది.

ఆ ఇంట్లో తినే వరుసను మాత్రం బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు. ముందు మొగుడు పైడిబాబు, తర్వాత కొడుకు కన్నబాబు, ఆఖరికి ఆవిడకు గిన్నె గోకుడు. పైడిబాబు ఉద్యోగంలో రిటైరయ్యాడు గానీ తిండిలో కాలేదు. "పచ్చడి బాగున్నాదే, ఇంకొంచెం ఎయ్యి" అంటే ఆవిడ మురిసిపోయి ఉన్నదంతా ఊడ్చి వేసేది. ఆ మురిపెం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండాలి.

ఆర్నెల్లు తిరిగేసరికి పైడిబాబుకు ఏళ్ల తరబడి ఉన్న షుగరు దిగింది. చెరువు గట్టున వాకింగు మిత్రులకు నల్లేరు మహిమ మీద ఉపన్యాసాలు మొదలెట్టాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే నూకరత్నం ఎముకలు ఇంకాస్త పలచబడ్డాయి.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అంది హిమజ.

"నల్లేరుందని మానేసినానండి."

"అదెంత తింటున్నారు?"

"వారానికి రెండు సీసాలు సేత్తానండి."

"చేసేది కాదమ్మా, తినేది అడిగాను."

ఆ పచ్చడిలో ఉప్పు సరిపోయేదో లేదో కూడా నూకరత్నానికి తెలియదు. సిగ్గేసింది. ఆ వెనకే కోపమొచ్చింది.

ఆ మధ్యాహ్నం మాత్ర మింగి, తన కంచంలో అన్నం, పచ్చడి నిండుగా పెట్టుకుని కూర్చుంది. పైడిబాబు ఖాళీ కంచం ముందు గుడ్లప్పగించాడు.

"ఇదేటే? మొగోడికన్నా ముందు ఆడది తినేత్తే ఇంట్లో లచ్చిమి ఉంటాదా?"

"లచ్చిమికి తుంటి ఇరగదండి. నాకిరుగుతాది" అని ముద్ద కలుపుకుంది.