ఎర్రచుక్కల మొక్కలు

నిక్షేపంలా ఉన్న జొన్న మొక్కలకు పనిగట్టుకుని తెగులు అంటించడం ఆవిడ ఉద్యోగం. గాజు పళ్ళేల్లో బూజు పెంచాలి, నీళ్ళలో కలిపి లేత ఆకుల మీద చల్లాలి, ఏ మొక్క తట్టుకుంటుందో చూడాలి. పరిశోధన కేంద్రంలో అందరికీ ఆవిడ బూజక్క. ఇంట్లో భర్త కూడా రొట్టెల డబ్బా మూత తీసేటప్పుడు, "నువ్వు కాస్త దూరంగా ఉండు తల్లీ" అని ఏడిపించేవాడు. మామగారు మాత్రం నవ్వేవాడు కాదు. తెగులుకు చేలకు చేలే పోగొట్టుకున్న రైతు ఆయన. కోడలి ఉద్యోగం ఆయనకు మింగుడుపడలేదు.

ఒకరోజు తనే చూస్తానని వచ్చాడు. గాజు షెడ్డులో ఆవిడ ఏళ్ళ తరబడి సంకరం చేసి సాధించిన మొక్కలున్నాయి. ఆ విత్తనం ఇక గింజ కూడా మిగల్లేదు. ఆయనకు మంచినీళ్ళు తెచ్చేలోపు, ఆకుల మీద ఎర్రచుక్కలున్న మొక్కలన్నీ నేల మీద పడున్నాయి.

"పక్కవాటికి అంటుతుందని పీకేశానమ్మా," అన్నాడు మామగారు, మేలు చేసినవాడిలా.

ఆవిడ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసి మొక్కల దగ్గరికి పరుగెత్తింది. "అయ్యో మావయ్యా, అది జబ్బు కాదు! బూజు దూరబోయిన చోట ఆకు తనంతట తనే విషం తయారుచేసుకుంటుంది. ఆ ఎరుపు అదే. అక్కడి కణాలు తాము చస్తూ బూజునూ చంపుతాయి. మిగతా ఆకు బతుకుతుంది."

"మరి చుక్కల్లేనివి?"

"వాటికి దొంగ ఇంట్లో పడ్డ సంగతే ఇంకా తెలీదు. నాలుగు రోజుల్లో కుళ్ళిపోతాయి."

ఆయన ముఖం మాడిపోయింది. చతికిలబడి, ఒక్కో మొక్కనూ వేళ్ళతో మట్టి సర్ది మళ్ళీ నాటాడు. వారమంతా వచ్చి తనే నీళ్ళు పోశాడు. చుక్కల్లేనివి నిజంగానే కుళ్ళాయి. నాటినవాటిలో సగం తేరుకుని కంకి వేశాయి.

తర్వాత కొన్నాళ్ళకు ఆ రకాన్ని మామగారి చేలోనే పరీక్షకు వేశారు. ఆ ఏడు తెగులు విరుచుకుపడింది. చుట్టుపక్కల చేలు మాడినా ఆయన చేను బరువైన కంకులతో నిలబడింది. ఆకుల నిండా ఎర్రచుక్కలే.

"నీకూ తగిలినట్టుందే," అన్నాడు గట్టు మీద నిలబడ్డ పొరుగు రైతు.

"తగిలింది. లోపలికి పోలేకపోయింది. ఎవరు పుట్టించిన రకం అనుకున్నావు? మా కోడలు!" అని మామగారు గట్టిగా పిలిచాడు. "అమ్మాయ్, ఇలా రా! ఆ విషం సంగతేదో వీడికి నువ్వే చెప్పు. నాకు చెప్పడం చేతకాదు."

ఆవిడ గర్వంగా మొదలుపెట్టింది. రెండు ముక్కలు చెప్పిందో లేదో, ఆయన అందుకుని మిగతాదంతా తనే చెప్పేశాడు, ఒక్క తప్పు లేకుండా.